సుగ్గి నెలలు, ఒంటిపూట బడులు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మొదట బయాలజీ సారును, చివరి తొమ్మిదేళ్ళు హెడ్మాస్టరును. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్‌లో చివరి పనిదినం దాకా దాదాపు తొంభై రోజులు. ఆ తొంభై రోజుల్లోనే బడి నుంచి ఇంటికి ఎక్కువ కబుర్లు వస్తాయి. ఇల్లూ బడీ రెండూ ఈ పిల్లల్ని మరిచిపోయేదీ అప్పుడే. ఈ సంగతి నాకు సర్వీసు సగమయ్యాక గానీ తెలిసిరాలేదు. మీకు ముందే తెలియాలని నా కోరిక.

1. బడి కబురు ఇంటికి చేరిందో లేదో మీరే కనుక్కోండి

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో బడిలో చెప్పేవి ఒక్కసారి లెక్కేసుకోండి. సైన్స్ డే, వార్షికోత్సవం, ఒంటిపూట బడుల వేళలు, పదో తరగతి పరీక్షల వల్ల మారే రోజులు, ఏప్రిల్ పరీక్షల టైంటేబుల్, స్కాలర్‌షిప్ కాగితాలు, కస్తూర్బా, మోడల్ స్కూళ్ళ దరఖాస్తులు, తల్లిదండ్రుల సమావేశం, ప్రోగ్రెస్ కార్డులు. ఇవన్నీ ప్రేయర్‌లో మైకులో చెబుతాం. పిల్లవాడు ఎండలో నిలబడి వింటాడు, ఇల్లు చేరేసరికి మరిచిపోతాడు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఆ ఫోను తండ్రి జేబులో ఉంటుంది, తండ్రి పొలంలోనో పరాయి జిల్లాలోనో ఉంటాడు. పిల్లను చూసుకునే తల్లి దగ్గర ఫోను ఉండదు.

మా బడిలో ఒక పద్ధతి పెట్టాం. తెలుగు నోటుబుక్కు చివరి పేజీలో ఆ రోజు కబురు పిల్లలే రెండు మాటల్లో రాసుకోవాలి, ఇంట్లో ఎవరో ఒకరి చేత సంతకం పెట్టించుకుని రావాలి. మొదటి వారం ఒక ఆరో తరగతి పిల్ల తల్లి స్వయంగా బడికి వచ్చింది. "సంతకం రాదు సార్, ఏలిముద్ర ఏస్తే సాలదా?" అని అడిగింది. చాలమ్మా అన్నాను. ఆ ఏడాది ఆ పిల్ల నోటుబుక్కు చివరి పేజీల నిండా వరసగా వేలిముద్రలే. పసుపు, పేడ, కొన్ని చోట్ల పొయ్యి మసి. కూతురు చదివి వినిపించాకే వేలు పెట్టేదని తర్వాత తెలిసింది. మా మీటింగులకు ఒక్కటి కూడా తప్పకుండా వచ్చిన తల్లి ఆమె.

మీ బడిలో ఆ పద్ధతి లేకపోతే రోజూ అన్నం పెట్టేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ప్రేయర్‌లో ఏం చెప్పినారు?"

2. పదో తరగతి కోసం మీ పిల్ల పాఠాన్ని వదులుకోకండి

ఇది మా తప్పు, దాచను. జనవరి నుంచి హైస్కూళ్ళలో స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, ప్రీ ఫైనల్స్ అని మొత్తం బడి పదో తరగతి చుట్టూనే తిరుగుతుంది. ఫలితాల లెక్క పైవాళ్ళకు చెప్పుకోవాల్సింది ఆ తరగతి గురించే. లెక్కల సారు, సైన్స్ సారు అక్కడే ఉంటారు. కింది తరగతుల పిల్లలకు 'చప్పుడు చేయకుండా కూర్చోండి' అన్న మాటే పాఠం. మార్చి మధ్యలో పబ్లిక్ పరీక్షలు మొదలయ్యాక బడి పరీక్ష కేంద్రమైతే గదులు కూడా వీళ్ళవి కావు. వేళలు మధ్యాహ్నానికి మారతాయి, లేదా ఆ రోజుకు బడి ఉండదు. బెంచీల మీద హాల్‌టికెట్ నంబర్లు అతికించి ఉంటాయి.

నేను హెడ్మాస్టరైన రెండో ఏడాది ఒక ఏడో తరగతి పిల్ల తల్లి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. పత్తి ఏరి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకు దూది అంటుకుని ఉంది. "సార్, మా పిల్లకు ఈ వారం లెక్కల పీరియడ్లు ఎన్ని జరిగినాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. టైంటేబుల్లో ఆరున్నాయి. జరిగింది ఒక్కటి. ఆమె గొడవ పెట్టుకోలేదు, దండం పెట్టి వెళ్ళిపోయింది. మరుసటి సోమవారం నుంచి ఆ పీరియడ్లు నేనే తీసుకున్నాను. బయాలజీ వాణ్ణి భిన్నాలు చెప్పాల్సి వచ్చింది, రాత్రిళ్ళు చదువుకుని చెప్పాను.

మీరూ అడగండి. మర్యాదగా, అంకెతో అడగండి. పిల్లలు ఎలా చదువుతున్నారని అడిగితే ఏ సారైనా బాగానే చదువుతున్నారంటాడు. పీరియడ్లు ఎన్ని జరిగాయని అడిగితే రిజిస్టరు తీయాలి.

3. ఒంటిపూట బడి రోజుల్లో మధ్యాహ్నం మీది

మామూలుగా మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఆంధ్రలో ఏడూముప్పావుకు బెల్లు, పన్నెండున్నరకు వదిలిపెడతారు. తెలంగాణలో ఎనిమిదింటికి మొదలు. అంటే పిల్ల ఆరున్నరకే లేచి తయారవ్వాలి. మా ప్రాంతంలో ఆ వేళకు ఇళ్ళలో పొయ్యి వెలిగించి ఉండరు. ఖాళీ కడుపుతో వచ్చి ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లల్ని నీడకు మోసుకెళ్ళిన అనుభవం ఈ నెలల్లో ప్రతి టీచరుకూ ఉంటుంది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచండి, పొద్దున్నే పెరుగేసి ఉల్లిపాయతో తినిపించి పంపండి. రాగిజావ ఇచ్చే రోజుల్లో గ్లాసు తప్పకుండా తాగమని చెప్పండి. నీళ్ళ సీసా ఇవ్వండి. వాటర్ బెల్ కొడతారు గానీ సీసా లేని పిల్లలు కుళాయి దగ్గర వరసలో నిలబడేసరికే గంట అయిపోతుంది. పన్నెండున్నరకు బడిలో అన్నం పెట్టే పంపిస్తారు. తినకుండా పరిగెత్తి రావద్దని గట్టిగా చెప్పండి.

నేను అసలు చెప్పదలచింది ఆ తర్వాతి గంటల సంగతి. ఒంటిగంట నుంచి సాయంత్రం దాకా ఇంట్లో పెద్దవాళ్ళు ఉండరు. బయట నలభై డిగ్రీలు. తుంగభద్ర దిగువ కాలువ మా ఊళ్ళ పక్కనుంచే పోతుంది. గట్టు మీద నుంచి చూస్తే నీళ్ళు నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. లైనింగు చేసిన చోట గోడ నున్నగా, నాచు పట్టి ఉంటుంది. దిగిన పిల్లవాడికి ఎక్కడానికి పట్టు దొరకదు. నా సర్వీసులో ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇలాగే పోయాడు. మంచి ఈతగాడు. ఆ రోజు పన్నెండున్నరకు అన్నం తిని, కంచం కడిగి, నాకు చెప్పే వెళ్ళాడు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఒంటిపూట బడి మొదలయ్యే రోజు ప్రేయర్‌లో కాలువ సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

అవ్వ దగ్గరో పక్కింట్లోనో ఒక మనిషిని మాట్లాడి పెట్టుకోండి. నాలుగు దాకా పిల్ల ఎక్కడుందో ఒకరికి తెలిసి ఉండాలి. అంతకంటే పెద్ద ఏర్పాటు అక్కర్లేదు.

4. సుగ్గికి పోతే పిల్లను వదిలి వెళ్ళండి

మా వైపు కోతల పనికి ఊరు విడిచి వెళ్ళడాన్ని సుగ్గి అంటారు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని మండలాల్లో వానాధార పంట తీశాక ఊళ్ళో పని దొరకదు. గుంటూరు వైపు, తెలంగాణ వైపు మిరపకోతలకు కుటుంబాలు కుటుంబాలే బండ్లెక్కుతాయి. రాత్రి ఎనిమిదికి ఊరి సెంటర్‌లో బొలేరో వచ్చి నిలుస్తుంది. బియ్యం మూటలు, బొగ్గు పట్టిన గిన్నెలు, నీళ్ళ బిందెలు, వాటి మీద పిల్లలు. తెల్లారి హాజరు పిలిస్తే ఏడో తరగతిలో సగం పేర్లకు 'సుగ్గికి పోయినారు సార్' అన్న జవాబే వినిపించేది.

ఒక ఏడాది ఫిబ్రవరిలో తెల్లవారుజామున నా గది తలుపు తట్టిన చప్పుడైంది. ఏడో తరగతి పిల్లవాడు, చేతిలో లైబ్రరీ పుస్తకం. "బండి వచ్చింది సార్. పుస్తకం ఇచ్చి పోదామని" అన్నాడు. బండి హారను వినిపిస్తోంది. పుస్తకం వద్దు, నీ దగ్గరే ఉంచుకో అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "ఆడ తడుస్తది సార్, గుడిసెలో" అని పుస్తకం గడప మీద పెట్టి పరిగెత్తాడు.

తిరిగి వచ్చింది ఉగాది దాటాక, ఏప్రిల్ పరీక్షలకు నాలుగు రోజుల ముందు. పెన్ను పట్టుకోమంటే వేళ్ళు ముడుచుకోలేకపోయాడు. మిరపకాయల ఘాటు గోళ్ళ సందుల్లోకి దిగి చర్మం లేచిపోయింది. రాత్రిళ్ళు మజ్జిగలో చేతులు ముంచుకుని పడుకున్నానని చెప్పాడు. పరీక్ష రాశాడు. ఒక పేజీ. ఎనిమిదో తరగతిలో చేరలేదు.

వాడి తండ్రిని నిందించను. "ముసలాయమ్మ కాడ ఒక్కన్నే ఎట్ల ఇడిసిపోవాల సార్" అని ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగానే సీజనల్ హాస్టళ్ళు వచ్చాయి. సమగ్ర శిక్ష కింద వలస పోయే ఊళ్ళలో నడుపుతారు. పిల్లలు ఊళ్ళోనే ఉంటారు, అదే బడికి వస్తారు. మధ్యాహ్నం బడి భోజనం, పొద్దునా రాత్రీ హాస్టల్ భోజనం. తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా అక్కడే. మీ ఊళ్ళో ఉందో లేదో బండి మాట్లాడుకోక ముందే, డిసెంబరులోనే హెడ్మాస్టరును అడగండి. ఊరంతా కలిసి పేర్లిస్తే లేని చోట పెట్టించడం కూడా సాధ్యం. మేము అలాగే పెట్టించాం. మొదటి రాత్రి చిన్న పిల్లలు ఏడ్చారు. వారం తిరిగేసరికి రాత్రి ఎక్కాలు వల్లించే గొంతులు వీధి చివరికి వినిపించేవి.

ఎలాగూ తీసుకెళ్ళక తప్పకపోతే ఒక్క పని చేయండి. వెళ్ళే ముందు బడికి వచ్చి ఏ ఊరికి పోతున్నారో చెప్పండి. అక్కడి బడిలో కూర్చోబెట్టడానికి ఇక్కడి సారు ఫోను చేయగలడు. చెప్పకుండా పోయిన పిల్లల పేర్ల పక్కన గైర్హాజరు గుర్తు తప్ప మేము ఇంకేమీ రాయలేకపోయాం.

5. ఏడో తరగతి ఏప్రిల్ పరీక్షను చిన్నచూపు చూడకండి

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పరీక్షలు ఎలాగూ పాసే కదా అని చాలామంది అనుకుంటారు. కానీ నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది. 2008లో మొదలైంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు రాస్తారు. తొంభై ప్రశ్నలు ఆలోచనా శక్తి మీద, తొంభై పాఠాల మీద. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. నాలుగేళ్ళకు 48,000. కూలి ఇంటికి అది చిన్న డబ్బు కాదు.

ఆ పరీక్ష రాయాలంటే ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 50. ఎంపికయ్యాక డబ్బు రావాలంటే ఎనిమిదిలో కూడా ఆ మార్కులు రావాలి. అంటే ఏడో తరగతి పిల్ల ఏప్రిల్ పరీక్ష మానేసి మిరపచేలో ఉంటే వచ్చే ఏటి స్కాలర్‌షిప్‌కు తలుపు మూసినట్టే. ఈ ముక్క తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పరు.

ఇంకొక సంగతి. ఎంపికైన ఒక పిల్లకు మొదటి ఏడాది డబ్బు రాలేదు. ఆధార్‌లో ఇంటి పేరు ముందుంది, బ్యాంకు పుస్తకంలో చివరన ఉంది, బడి రిజిస్టరులో అసలు లేదు. మూడు కాగితాలూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూసే పని నాది, చూడలేదు. గడువు దాటింది. ఆ అమ్మాయి తండ్రి మూడుసార్లు ఆదోనికి బస్సు ఖర్చులు పెట్టుకుని తిరిగాడు. మీ పిల్ల ఆధార్, బ్యాంకు పుస్తకం, బడి రికార్డు ఈ వేసవిలోనే తీసి, పేరులో ప్రతి అక్షరం, పుట్టిన తేదీ సరిపోల్చుకోండి. మూడున్నర లక్షల లోపు ఆదాయం ఉన్నట్టు ధ్రువపత్రం సచివాలయంలో ముందే తీసుకోండి.

6. వార్షికోత్సవంలో డ్రెస్సుకు డబ్బు లేదని పిల్లను ఆపకండి

ఒక పిల్ల కోలాటం బృందంలో అందరికంటే బాగా వేసేది. కార్యక్రమానికి రెండు రోజుల ముందు కడుపునొప్పి అంటూ రావడం మానేసింది. అద్దె లంగా ఓణీకి డబ్బులు ఇంట్లో అడగలేకపోయిందని తోటి పిల్లలు చెప్పారు. తర్వాతి ఏడు నుంచి మా బడిలో స్టేజీ మీద అందరూ యూనిఫాంలోనే. కోలాటం కర్రలకు మాత్రం రంగు కాగితాలు చుట్టాం. చూడ్డానికి ఎంతో బాగుంది. అద్దె బట్టలు అడిగే బడి ఉంటే నలుగురు తల్లులు కలిసి వెళ్ళి వద్దని చెప్పండి.

7. సైన్స్ డేకి కొనిపెట్టకండి, దగ్గర కూర్చోండి

సర్ సి.వి.రామన్ 1928 ఫిబ్రవరి 28న తన ఆవిష్కరణ ప్రకటించిన గుర్తుగా ఆ రోజు సైన్స్ డే జరుపుతాం. టౌనులో థర్మకోల్ అగ్నిపర్వతాలు తయారుగా అమ్ముతారు. వాటికి నేను ఎప్పుడూ బహుమతి ఇవ్వలేదు. ఒక ఆరో తరగతి పిల్లవాడు రెండు కొత్త కుండలు తెచ్చాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మధ్యలో తడి ఇసుక పోసి, లోపలి కుండలో టమాటాలు పెట్టి నాలుగు రోజులు చూశాడు. బయట పెట్టినవి ముడతలు పడ్డాయి, కుండలోవి నిగనిగలాడాయి. ఇసుక ఎంత తడపాలో వాళ్ళ నాయన చెప్పాడట. ఆయన ఎద్దుల బండి తోలే మనిషి.

8. మన జాతరలు మనకు తెలుసు, బడికి ముందే చెప్పండి

ఉగాది మరుసటి రోజు ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకల సమరం. హోలీకి ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో మగవాళ్ళు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. ఉగాదికి ముందు కన్నడ భక్తులు మా ఊళ్ళ మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్తారు, దారి పొడవునా మజ్జిగ పంచేది మా పిల్లలే. ఆ రోజుల్లో యూనిట్ టెస్టు పెడితే పిల్లలు రారు. కొత్తగా వచ్చిన సారుకు ఇవన్నీ తెలియవు. ఫిబ్రవరి మీటింగులోనే తేదీలు చెబితే టెస్టును వేరే రోజుకు మార్చుకోవచ్చు. మజ్జిగ పంచడం కూడా పిల్లలు నేర్చుకోదగ్గ పనే అని నా అభిప్రాయం.

9. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లకు వేసవిలో కాపలా ఉండండి

ఇది రాయడం కష్టం. చివరి పనిదినం నాడు నవ్వుతూ ప్రోగ్రెస్ కార్డు పట్టుకెళ్ళిన పిల్ల జూన్‌లో మెడలో తాళితో కనిపించిన సందర్భాలు నాకు రెండున్నాయి. ఇద్దరూ ఎనిమిదో తరగతి. సుగ్గికి పోయేటప్పుడు ఎదిగిన పిల్లను ఎక్కడ ఉంచాలన్న భయమే ఆ పెళ్ళిళ్ళకు కారణం, తల్లిదండ్రుల దుర్మార్గం కాదు. ఆ భయానికి మందు కస్తూర్బా విద్యాలయం. 2004 నుంచి దేశమంతటా నడుస్తున్నాయి. ఆరు నుంచి పన్నెండు దాకా ఆడపిల్లలకు వసతి, భోజనం, చదువు ఉచితం. ప్రవేశ పరీక్ష లేదు. తల్లి గానీ తండ్రి గానీ లేని పిల్లలకు, బడి మానేసినవాళ్ళకు ముందు సీటు. దరఖాస్తులు ఈ వసంతంలోనే పిలుస్తారు. పై తరగతుల్లో ఖాళీలున్నా చేర్చుకుంటారు.

పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి చేస్తున్నారని వింటే 1098కి ఫోను చేయండి. పిల్లలే స్వయంగా చేయవచ్చు. మా బడిలో ఆ నంబరు ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు పెయింటుతో రాయించాం, ఎవరూ చూడకుండా చదువుకునే చోటు అదొక్కటే కాబట్టి. ఒక ఏడాది ఆ నంబరుకు ఫోను వెళ్ళింది. ఎవరు చేశారో నేను అడగలేదు. పెళ్ళి ఆగింది, ఆ పిల్ల ఇప్పుడు నర్సు.

10. చివరి పనిదినం నాడు బడికి రండి

ఏప్రిల్ 23, 24 తేదీల్లో ఆ రోజు వస్తుంది. ప్రోగ్రెస్ కార్డు పిల్ల చేతికిచ్చి పంపించేస్తే అందులో మీ సంతకం తప్ప ఇంకేమీ జరగదు. మీరు వస్తే పది నిమిషాల్లో మూడు పనులవుతాయి. ఏ సబ్జెక్టులో ఎక్కడ ఆగిందో సారు నోటితో వినవచ్చు. ఏడుతోనో ఎనిమిదితోనో ఆగిపోయే బడి అయితే టీసీ ఎప్పుడిస్తారో, తర్వాత ఏ హైస్కూల్లో చేరాలో అప్పుడే తేల్చుకోవచ్చు. మూడోది లైబ్రరీ. సెలవులకు నాలుగు పుస్తకాలు ఇమ్మని అడగండి. పోతాయని భయపడి బీరువాకు తాళం వేసే హెడ్మాస్టర్లు ఉంటారు. వాళ్ళకు నా మాటగా చెప్పండి, నేను వేసవిలో ఇచ్చిన పుస్తకాల్లో పోయినవాటి కంటే బీరువాలో చెదలు తిన్నవే ఎక్కువ.

గడప మీద పెట్టి వెళ్ళిన ఆ పుస్తకం ఇప్పటికీ బడిలోనే ఉంది. రిజిస్టరులో దాని ఎదురుగా ఆ పిల్లవాడి పేరు, తిరిగి ఇచ్చిన తేదీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఈ ఏప్రిల్‌లో మీ పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి, ఒక పుస్తకం తీయించి, పేరు రాయించుకుని రండి. జూన్ 12 ప్రాంతంలో బడి మళ్ళీ తెరుస్తారు.